నాపరాయి గుంత మీద పడిన వెలుగు

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దుగూకినా మా చూలు మేక ఇల్లు చేరలేదు. మా ఊరి చుట్టూ నాపరాయి తీసి వదిలేసిన గుంతలే. నేనూ కోడలూ టార్చి పట్టుకొని వెతుకుతూ పోయాం. కొత్త సెల్లులు దండగని నేను కొననివ్వలేదు, ఆ టార్చి మిణుకుమిణుకుమంటోంది.

ఉన్నట్టుండి ఆకాశంలో పెద్ద నిప్పుముద్ద జారింది. చేలన్నీ పట్టపగల్లా తెల్లబడ్డాయి. ముందు నడుస్తున్న కోడలి పాదాల దగ్గరే గుంత కనబడింది. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. మేక అవతలి గట్టున నిలబడి ఉంది.

ఆ వెలుగు ఆరిపోయి మళ్లీ చీకటయ్యాక కోడలు అంది: “నువ్వు సెల్లులు కొనకుంటే ఏమత్తా, పైవాడే లైటు ఏసినాడు.”

“ఊరికే ఏసినాడు గదా, దండం పెట్టు,” అన్నాను.

నేను మాత్రం ఒంటి చేత్తోనే పెట్టాను. మేకను తోలుకొని ఇల్లు చేరేదాకా రెండో చెయ్యి ఆమెను వదల్లేదు.