ఓల్డ్‌రాయిడ్ గారి తడిసిన గోడ

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు హడర్స్‌ఫీల్డ్ పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చున్న విల్ఫ్రెడ్ ఓల్డ్‌రాయిడ్ గారు ఎవరిమీదా ఫిర్యాదు చేసి ఎరుగరు. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే "సారీ" అనేది ఆయనే. అంతటి సాధుజీవి రిటైరయ్యాక, పడకలూ వంటగదీ ఉన్న కొత్త మోటార్‌హోమ్ కొన్నారు. ఆయనకు అరవై ఏడేళ్ళలో రాని జబ్బులన్నీ ఆ బండికి పదకొండు నెలల్లో వచ్చాయి. బండిని ఎడమకు తిప్పితే చెంచాల సొరుగు తనంతట తానే తెరుచుకునేది. స్నానాల గది తలుపు తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. ఇవన్నీ ఓర్చుకున్నారు. చివరికి కిటికీ మూల గోడ, టీలో నానిన బిస్కెట్‌లా, వేలు పెడితే లోపలికి దిగింది.

గ్యారంటీ ముగియడానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. ఈలోగా షోరూము తప్పు ఒప్పుకోకపోతే గోడ బాగుచేయించే ఖర్చు ఆయన నెత్తినే పడుతుంది. భార్య మ్యూరియల్ ఏడాదిగా కలలుగంటున్న స్కాట్లాండ్ ప్రయాణానికి నీళ్ళు వదులుకోవాల్సిందే.

షోరూము మేనేజరు పిల్లింగ్ తేమ మీటరును గోడకు ఆనించి, అది ఇరవై ఎనిమిది శాతం చూపగానే నాడి చూసిన వైద్యుడిలా నిట్టూర్చాడు.

"ఇది కారడం కాదు సార్, ఆవిరి. లోపల టీ కాస్తారా?"

"రోజుకి... ఎనిమిదిసార్లు," విల్ఫ్రెడ్ గారు తలదించుకుని నిజం చెప్పేశారు.

"అదీ సంగతి! తప్పు మీ కెటిల్‌ది."

నిజమేమో అనిపించింది ఆయనకు. రెండు వారాలు బండిలో టీ నిషేధించారు. యార్క్‌షైర్‌లో అది సన్యాసం కన్నా ఒక మెట్టు పైన. ఇంటి ముందు ఆపిన బండిలో దంపతులిద్దరూ చన్నీళ్ళు తాగుతూ, వాన చూస్తూ కూర్చున్నారు. అయినా విల్ఫ్రెడ్ గారు కొనితెచ్చి గోడకు ఆనించిన తేమ మీటరు ఇరవై ఎనిమిది నుంచి ముప్పై అయిదుకెక్కింది.

"మనం మానేసిన టీ అంతా గోడే తాగుతున్నట్టుంది," అంది మ్యూరియల్.

మర్నాడు జోరువానలో బండిని షోరూముకు తోలారు. మ్యూరియల్ మర్యాదగా పిల్లింగ్‌ని ఆ కిటికీ మూలనే కూర్చోబెట్టింది. నిమిషం తిరక్కుండా అతని బట్టతల మీద ఓ చుక్క, మెడలోకి ఇంకోటి పడ్డాయి.

"ఆవిరే అంటావా నాయనా? చల్లగా ఉన్నట్టుందే!" అంది మ్యూరియల్.

"అయ్యో సారీ, సారీ!" విల్ఫ్రెడ్ గారు రుమాలు తీసి అతని తల తుడవబోయారు.

పిల్లింగ్ ముఖం వెలిగింది. ఫారం తీసి చకచకా రాశాడు: 'తప్పు తనదేనని ఒప్పుకుని యజమాని క్షమాపణ చెప్పుకున్నారు.' పెన్ను అందించాడు. "ఇక్కడో సంతకం, సార్."

ఎదుటివాడు చేయి చాపి నిలబడితే కాదనడం ఓల్డ్‌రాయిడ్ వంశంలో లేదు. ఆయన చేయి లేచింది.

"విల్ఫ్! ఆ పెన్ను ముట్టుకున్నావంటే స్కాట్లాండ్ నేను బస్సులో పోతా. నువ్వూ నీ మంచితనమూ ఇక్కడే నానండి."

చేయి గాల్లో ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "పెట్టను," అన్నారాయన, తనకే వినపడనంత మెల్లగా.

"ఏమన్నారు సార్?"

"పెట్టనన్నాను. పైకప్పు కారుతోంది. అదే రాయి."

సంతకం పెట్టనన్న మనిషి పిల్లింగ్‌కి ఇంతవరకూ తగల్లేదు. మూడో చుక్క ముక్కు మీద పడ్డాక ఫారం చింపి, కొత్తది తీసి, 'పైకప్పు అతుకు లోపం' అని రాశాడు. ఆ సాయంత్రమే బండి గ్యారంటీ కింద వర్క్‌షాపులోకి వెళ్ళింది.