రీలులో మిగిలిన ఒక్క ఫోటో

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరైనా ఫోటో దిగాలంటే ఆదోనికి పోవలసిందే. మాది ఆస్పరి దగ్గర, వానను నమ్ముకుని బతికే చిన్న ఊరు. మా చిన్నాయన హైదరాబాదులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. ఉరుకుంద తిరునాళ్లకు వచ్చినప్పుడు, "దసరా సెలవల్లో అవ్వతో రా పాపా, యూనివర్సిటీ ముందర నీకు ఫోటో తీస్తా" అన్నాడు. ఆ మాట బడిలో ఒక్కరినీ వదలకుండా చెప్పేశాను.

మా అవ్వకు యూనివర్సిటీతో పని లేదు. ఆమె చూడాలనుకున్నది మూసీ మీది పాత వంతెనను. పంటలు ఎండిన ఏడు కూలికి దూరం పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. అలా పోయిన మా తాతయ్య ఆ వంతెన మరమ్మతుకు రాళ్లు మోశాడట. నేను పుట్టకముందే కన్నుమూశాడు. ఆ వంతెన ఫోటో ఒకటి ఇంట్లో ఉండాలని అవ్వ కోరిక.

ఆదోనిలో రైలెక్కి, వాడి జంక్షన్లో బండి మారి, మరునాడు పొద్దున హైదరాబాదు చేరాం. చిన్నాయన స్టూడియోలో అడిగి కెమెరా తెచ్చాడు గానీ రీలులో ఒక్క ఫోటోనే మిగిలి ఉంది. కొత్త రీలు కొనే స్తోమత ఎవరికీ లేదు. ఆ ఒక్కటీ వంతెనకు పోతే బడిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? దారి పొడవునా మూతి ముడుచుకునే నడిచాను.

తీరా పోయి చూస్తే అదొక రోడ్డు. సైకిళ్లు, రిక్షాలు, తోపుడు బండ్లు. "ఇదేంది అవ్వా, మన ఆదోని బజారు మాదిరే ఉండాది" అన్నాను విసుగ్గా. చిన్నాయన కెమెరా సర్దుకుంటూ అవ్వతో, "దా మా, ఫోటో దిగు" అన్నాడు. అవ్వ సరేనని కుచ్చిళ్లు ఎగ్గట్టి, గట్టు పక్క నుంచి నదిలోకి దిగడం మొదలుపెట్టింది! "యాడికి పోతాండావు మా?" అంటూ చిన్నాయన వెనకాలే పరుగు. నవ్వు ఆపుకోలేక నేనూ వాళ్ల వెంట దిగాను.

కింద నీళ్లు సన్నగా పారుతున్నాయి. తలెత్తి చూశాను. అబ్బ, ఎంతెంత కమానులు! ఆ రాళ్లు మా ఇంటి గడప కంటే పొడవున్నాయి. వాటిని మనుషులు భుజాల మీద మోశారన్న సంగతి అప్పుడు నాకు బుర్రకెక్కింది. అవ్వ ఒక స్తంభానికి అరచేయి ఆనించి, "ఇంత బరువు మోసి, నడుము నొప్పని ఒక్కనాడన్నా సెప్పలేదే మనిషి" అంది. ఆ రాయి మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

తర్వాత నన్ను పిలిచి ఆ స్తంభం ముందు నిలబెట్టి, "పాపను తీయప్పా" అని చిన్నాయనతో చెప్పి తాను పక్కకు జరిగింది. "మీ తాత మోసిన రాళ్లు, నువ్వు. సాలు" అంది నాతో. నేను ఎగిరి గంతేశాను. యూనివర్సిటీ ఊసే మరిచిపోయాను.

తిరుగు రైల్లో, ఫోటో దిగడమంటే కిందికి దిగడం కాదని అవ్వకు నేర్పబోయాను. ఆమె పకపకా నవ్వింది. "అది తెలీదా నాకు? బజారు మాదిరి ఉండాదంటివే, దానికే దిగినా. పైనుంచి సూస్తే మోసినోడు యాడ కనపడతాడు?" అంది.

ఆ ఫోటోను బడంతా తిప్పి చూపించాను. చాలా ఏళ్లకు అవ్వ పోయింది. పటం కట్టించడానికి ఇల్లంతా వెతికాం. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. నా పక్కన చోటుండి కూడా ఆ రోజు "నువ్వూ రా అవ్వా" అని ఒక్క మాట అనలేదు నేను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. అయినా పెళ్లిళ్లలో ఫోటో అనగానే పక్కకు తప్పుకునే ముసలమ్మ ఒకరు ఉండనే ఉంటారు. నేను పోయి చేయి పట్టుకుని మధ్యలోకి తెచ్చి నిలబెడతాను. నాకెందుకమ్మా అంటారు. వదలను.