సార్ గ్రహం గురించి నేను చెప్పని మాట

సూరత్ పక్కన పల్సానాల ఒక మిల్లుల నాది బట్ట చూసే పని. కింద ట్యూబులైట్లు వెలిగే అద్దం బల్ల మీద బట్ట తాను మెల్లగ జరుగుతుంటది. పోగు తెగిన కాడ, నూనె మరక పడ్డ కాడ చాక్‌పీసుతోటి గుర్తు పెట్టాలె. పదమూడేండ్లుగ అదే పని. చదివింది లింబాయత్‌ల మున్సిపాలిటీ తెలుగు బడిల ఎనిమిదో తరగతి దాక. అసుంటిదాన్ని నక్షత్రాల జోలికి పోయిన్నంటే కారణం మా సార్ ఒక్కడే. ఆయన మీద పగ తీర్చుకున్నది కూడ ఆ నక్షత్రాలతోనే.

సార్ మా దిక్కు మనిషే. కరీంనగర్ నుంచి సాంచెల మీద బట్ట నేసే పనికి వచ్చినోళ్ల ఇంట్ల పుట్టి, చదువుకొని, ఒక కాలేజీల ఫిజిక్స్ చెప్తుండె. ఆదివారం పగటిపూట మా తెలుగోళ్ల సంఘం హాల్ల ఒక క్లాసు మొదలువెట్టిండు. వేరే నక్షత్రాల చుట్టు మన భూమి అసుంటి గ్రహాలు ఉన్నయా అని వెతికే క్లాసు. ఎనిమిది మందిమి పోతుంటిమి.

అంతరిక్షంల ఒక దుర్భిణి నక్షత్రాల వెలుగును కొలిచి పంపుతదట. ఆ వెలుగును గీతలెక్క గీసి నెట్‌ల పెడ్తరు, ఎవరైనా ఫోన్ల చూడొచ్చు. నక్షత్రం ముందట నుంచి దాని గ్రహం పోతే వెలుగు జరంత తగ్గి గీతల చిన్న గుంట పడ్తది. ప్రతిసారి లెక్కకు అన్నే రోజులకు మళ్ల అదే గుంట పడాలె. భూమి అంత చిన్న గ్రహమైతే గుంట కండ్లకు ఆనుడే కష్టం. “కంప్యూటర్ వదిలేసింది మనిషి కన్ను పట్టొచ్చు” అన్నడు సార్. ఆ మాట నాకోసమే అన్నట్టు అనిపించింది.

బస్సుల పోతూ, అన్నం తినే యాళ్లకు గీతలే చూసిన. నాలుగు నెలలకు ఒకటి దొరికింది. పదకొండు రోజులకొకసారి, పోగంత సన్నని గుంట. నోటుబుక్కుల బొమ్మ గీసి, తారీఖులు రాసి సార్‌కు చూపించిన.

“ఇది నువ్వే చూసినవా చెల్లె?”

“నేనే సార్.”

“ఎవరికన్న చెప్పినవా?”

“లేదు.”

“చెప్పకు. నేను జర సరిజూస్త” అని నోటుబుక్కు సంచిల పెట్టుకున్నడు.

నెల తిరగకముందే గుజరాతీ పేపర్ల ఆయన ఫోటో పడ్డది. సూరత్ లెక్చరర్ భూమి లాంటి గ్రహాన్ని కనిపెట్టిండని రాసిన్రు. పక్కన ఆ గీత బొమ్మ. నేను చూసిన గుంటలే.

ఆదివారం అందరి ముందట అడిగిన. “సార్, ఇది నేను తెచ్చింది గద.”

ఆయన మిగిలినోళ్ల దిక్కు చూసి నవ్విండు. “చెల్లె, గుంట ఉందని చెప్పుడు వేరు, అది గ్రహమని తేల్చుడు వేరు. తానుల తప్పులు పట్టినంత అల్కగ కాదు. నీ పేరు పెడ్తే దీన్ని ఎవరు పట్టించుకుంటరు?”

కొందరు నవ్విన్రు. సాంచెల పని మానేసి ఇంట్ల ఉంటూ క్లాసుకొచ్చే ఒక తాత మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చినంక కోపమాగలేదు, కడిగిన బియ్యమే మళ్ల కడిగిన. నోటుబుక్కు పోయినందుకు కాదు, ఆ నవ్వుకు. ఆయన మొహం గూడ అట్లనే నలుగురిల మాడిపోవాలె అనుకున్న. ఎట్లనో అప్పటికి తెల్వదు.

ఆ కోపంతోనే అదే గీతను మళ్ల తీసిన. ఈసారి ఒక్కొక్క గుంటను పక్కపక్కన పెట్టి చూసిన. మొదటిది, మూడోది, ఐదోది జర లోతు. రెండోది, నాలుగోది తక్కువ లోతు. మా మిల్లుకు అసుంటి బట్ట వస్తనే ఉంటది. సాంచె మీద రెండు కండెల నూలు మారి మారి పడ్తుంటది. అండ్ల ఒకటి తేడా నూలైతె బట్ట మీద ఒక చార ముదురుగ, ఒక చార లేతగ వస్తది. ఇక్కడ కూడ ఉన్నది ఒకటి కాదు, రెండు.

ఆ గీతలు పెట్టే వెబ్‌సైటుల హిందీల చదివితె అదే ఉన్నది. గుంటలు ఇట్ల మారి మారి ఉంటె అది గ్రహం కాదు. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టు ఒకటి తిరుగుకుంట, ఒకసారి ఇది దానికి, ఇంకోసారి అది దీనికి అడ్డమొస్తున్నయి. నా గ్రహం పోయిందని ముందు ఏడుపొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. అది ఇప్పుడు నాది కాదు గద, ఆయనది.

వచ్చే నెల ఆ గ్రహం గురించి కాలేజీల సభ ఉందని, అహ్మదాబాద్ నుంచి ఒక శాస్త్రవేత్త మేడం వస్తుందని సార్ చెప్పిండు.

“మంచిగుంటది సార్” అన్న. “గీతను గోడంత పెద్దగ చూపెట్టున్రి. గుంటలన్ని కానరావాలె.”

నా కోపం పోయిందనుకున్నడు. సంతోషపడ్డడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం “ఎవరికన్న అనుమానాలున్నయా?” అని అడిగేటోడు. నేను తల అడ్డంగ ఊపేదాన్ని. చెప్పెటందుకు నాకు ఆరు ఆదివారాలు దొరికినయి. ఆరిట్ల ఒక్కటి గూడ వాడుకోలే.

సభ రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకొని పోయిన. ముందు వరుసల సార్ భార్య, బడికి పోయే బిడ్డ కూసున్నరు. సార్ మాట్లాడిండు, చప్పట్లు కొట్టిన్రు. ప్రశ్నలు అడగమన్నరు. నేను లేచి, అందరికి తెలవాలని హిందీల అడిగిన.

“సార్, ఒకటి విడిచి ఒకటి గుంటలను కొలిచిన్రా? లోతు ఒక్కతీరుగ ఉన్నదా?”

“అన్నీ ఒక్కటే లోతు” అన్నడు, నా దిక్కు చూడకుంటనే.

మేడం కుర్చీల ముందుకు వంగింది. “ఆ బొమ్మ మళ్ల పెట్టండి” అన్నది. పెట్టిన్రు. గోడంత ఉన్నది గద, ఎవరికైనా కానొస్తది. ఆమె చానసేపు చూసి మెల్లగ అన్నది, “ఇది రెండు నక్షత్రాల జంటే అయి ఉంటది. ఇట్ల చానామందికి జరుగుతది, తప్పేం లేదు.” తర్వాత నా దిక్కు తిరిగి, “మీకెట్ల తెలిసింది?” అని అడిగింది.

“మొదలు దీన్ని చూసింది నేనే మేడం. నేను రాసుకున్న నోటుబుక్కు సార్ దగ్గరున్నది.”

సార్ నీళ్ల గ్లాసు అందుకున్నడు. తాగలేదు, పట్టుకొని నిలబడ్డడు. నా కడుపు సల్లవడ్డది. ఆయన బిడ్డ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు ఒక్కటే గుచ్చుకున్నది, అయినా నేను తల దించలేదు.

ఆ తర్వాత ఆదివారం క్లాసు లేదు. మళ్ల ఎప్పుడు పెట్టలేదు. తాత మా ఇంటికి వచ్చిండు.

“నీకు ముందే తెలుసా బిడ్డా?”

“తెలుసు తాత.”

“చెప్తే ఆగేటోడు గద.”

“ఆగేటోడు. నేను చెప్పిన్నని మాత్రం ఎవరికీ చెప్పేటోడు కాదు.”

తాత చాయ తాగి లేచిండు. “మాకైతే ఆదివారాలు పోయినయి” అన్నడు.

ఏడాది తర్వాత ఉధ్నా బస్టాపుల సార్ కలిసిండు. తప్పుకొని పోతడనుకున్న, ఆయనే దగ్గరికి వచ్చిండు.

“ఇంక గీతలు చూస్తున్నవా?”

“చూస్తున్న సార్. ఇంకోటి దొరికింది. అన్నీ కొలిచి, నా పేరు మీదనే వెబ్‌సైటోళ్లకు పంపిన.”

“మంచిది” అన్నడు.

తప్పయిందని అంటడేమో అని జరసేపు చూసిన. అనలేదు. అంటే క్షమిస్తుంటినా అంటె, లేదు. బస్సు వచ్చింది, ఎక్కిన.