మా బాబు ఆగిన పేజీ

మా అబ్బాయిని తిట్టడం నేను మానేసింది డాక్టరు నాకు బీపీ ఉందన్నందుకని ఇంట్లో అనుకుంటారు. అది నిజం కాదు.

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన ఒకావిడ ఇంజనీరింగ్ మ్యాథ్స్ పుస్తకం ముందేసుకుని లెక్క చేస్తోంది. మావాడు రెండుసార్లు తప్పిన సబ్జెక్టే.

"ఈ వయసులో మీకూ బ్యాక్‌లాగా మేడమ్?" అని నవ్వాను.

"మా బాబుది సార్. కష్టంగుంది మమ్మీ అంటే, అందరికీ వస్తలేదా, నీకేంది అని మస్తు తిట్టిన. వాడు మాకు లేకుండ పోయినంక మొదటి పేజీ నుంచి షురూ చేసిన." పెన్సిల్ టిక్కులు ఆగిపోయిన చోటు చూపించింది. "ఇంతవరకే చేసిండు. నేను సుత ఇక్కడనే ఆగిన. నిజంగనే కష్టం సార్."

ఇంటికి చేరేసరికి మావాడు అదే పుస్తకం ముందు కూర్చున్నాడు. గుమ్మంలో నా చెప్పుల చప్పుడుకే గబగబా నాలుగు పేజీలు ముందుకు తిప్పాడు. ఎన్నాళ్లుగా అలా తిప్పుతున్నాడో.