ఖాళీ గొట్టంలో గోలీలు

మొన్న ఆదివారం మా మనవరాలు డేటా సైన్స్ హోంవర్కు అంటూ ట్యాబ్ పట్టుకుని నా పక్కన చేరింది. తరగతిలో ఎవరెవరు ఆ వారం ఎన్ని పళ్లు తిన్నారో అడిగి రాసుకొచ్చిందట, నాలుగు చోట్ల వేలితో నొక్కేసరికి రంగురంగుల పట్టీలు లేచి నిలబడ్డాయి. వాటి మధ్య, ఒక్క పండూ తినని ఒక పిల్ల పేరు మీద ఏమీ లేదు. "కాళీగా ఉంటే బాగోదు అమ్మమ్మా, తీసేత్తన్నాను" అని ఆ పేరే చెరిపేసింది. దానికేం తెలుసు గానీ, నాకు ప్రాణం ఉసూరుమంది.

మన కాలంలో కంప్యూటరంటే చెప్పులు గది బయట విడిచి దర్శనం చేసుకునే వస్తువు, మీకూ గుర్తుండే ఉంటుంది. చాన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, నలభై దాటాక, ఈ వయసులో ఇదేం సరదా అని ఇంట్లోవాళ్లు నవ్వుతున్నా వినకుండా నేను యూనివర్సిటీలో పరిశోధనకు చేరాను. పిల్లలు తెరకి అతుక్కుపోకుండా, చేత్తో పట్టుకునే వస్తువులతోనే సమాచారం పోగుచేసి దాన్ని చదవడం ఎలా నేర్చుకుంటారో చూడమని మా గైడుగారు పని అప్పగించారు.

అందుకోసం ఆటోనగర్‌లో ఒక షెడ్డులో దగ్గరుండి చెక్క స్టాండు చేయించాం. దాని మీద పిల్లకొక ప్లాస్టిక్ గొట్టం, లోపలున్నది బయటికి కనిపించేలాంటిది, అడుగున బరువు పసిగట్టే సెన్సరు. గొట్టంలో గోలీ పడితే కంప్యూటర్లో ఆ పిల్ల పేరు మీద గీత పెరుగుతుంది. సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు యారాడ బడిలో పెట్టాం కనుక అక్కడి పిల్లలకు తెలిసిన లెక్కే తీసుకున్నాం, నిన్న మీ నాన్న వేటలో ఎన్ని గంపల చేప పడితే అన్ని గోలీలు వేయమన్నాం. కొండ దాటి వచ్చే బస్సు దిగి నేను వెళ్లేసరికే గోలీలు గలగలలాడించుకుంటూ వరసలో ఉండేవారు, గాలి ఎటు తిరిగిందో, చేప ఎందుకు తగ్గిందో గొట్టాలు చూసి వాదించుకునేవారు, అది చూస్తుంటే నా కడుపు నిండిపోయేది.

ఇంతలో ఒక అమ్మాయి వాళ్ల పడవ ఇంజను పాడై ఒడ్డున పడింది. కొన్నాళ్లు ఆ పిల్ల గొట్టం ఖాళీగా ఉండి, తరవాత పడవ కదలకుండానే గోలీలు పడటం మొదలైంది. పడవ సంగతి నా దగ్గర విన్న గైడుగారు ఆ గీత చూసి మండిపడ్డారు. ప్రాజెక్టు మంజూరు చేసినవాళ్లు పరిశీలనకు వచ్చేలోగా పిల్లల చేత సరిగ్గా వేయించకపోతే స్టాండు వేరే బడికి పోతుందని, నా పరిశోధన అక్కడితో ఆగుతుందని చెప్పేశారు.

మరునాడు తరగతిలో కాస్త గట్టిగానే అడిగాను. ఒక్కరూ తల దించుకోలేదు. ముందు వరసలో పిల్ల లేచి, "కాళీ గిన్నె ఎట్టుకున్నట్టుంది టీచర్, సూస్తా ఎలా ఊరుకుంతాం? ఇంటికాడ తలో సేపా ఇత్తన్నాం గదా, ఇక్కడా తలో గోలీ ఏసినాం" అంది. పడవ వెళ్లని ఇంటికి వేటకెళ్లినవాళ్లు తలో చేప పంపడం ఆ వీధిలో మామూలట, గోలీలు కూడా ఎవరి వాటాలోంచి వాళ్లు తీసే వేశారట.

కాగితం మీద సున్నా అయితే ఏ పిల్లా దాని జోలికి పోయేది కాదు, చేత్తో పట్టుకునే గొట్టం కనుక వాళ్లకది గిన్నెలా కనిపించింది. ఇకమీదట వేయకండని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పరిశీలనకు వచ్చినవాళ్లకు జరిగింది జరిగినట్టే వివరించాను. వాళ్లు ఓపిగ్గానే విన్నారు, ముచ్చటగా ఉందనీ అన్నారు, డేటాగా మాత్రం పనికిరాదన్నారు. స్టాండు ఆటో ఎక్కింది, నేను వేరే అంశం పట్టుకుని ఆలస్యంగా పట్టా తెచ్చుకున్నాను. గైడుగారి మీద కోపం లేదు, ఆయన లెక్క ఆయనది. కానీ స్టాండు వెళ్లిపోయిన సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఇప్పుడు ఏ బడిలో చూసినా డేటా అంటున్నారు, మనం భయపడిన యంత్రం పిల్లల ఒళ్లో ఆడుతోంది, సంతోషమే. ఇదంతా మనవరాలికి చెప్పాను. అది ట్యాబ్ దగ్గరికి లాక్కుని, చెరిపిన పేరు మళ్లీ రాసింది. పట్టీల మధ్య ఆ ఖాళీ తిరిగొచ్చింది. "ఇందులో ఎలా ఎయ్యాలి అమ్మమ్మా?" అని అడిగింది. తెర మీద చెయ్యి పెట్టి చూశాను. నున్నగా ఉంది, గోలీ వేయడానికి ఎక్కడా మూతి లేదు.