ఇచ్చట గుడ్లు కలవు

మా వదిన గుసగుసలాడితే మూడిళ్ల అవతల వినపడుతుంది. ఇది ఆడపడుచు ఎత్తిపొడుపు కాదు, ఊరందరికీ తెలిసిన సంగతే. ఆమె పుట్టి పెరిగింది రంపపు మిల్లు పక్కింట్లో. అక్కడ మంచినీళ్లు కావాలన్నా అరిచే అడగాలి. మా అన్నయ్యేమో గడియారాలు బాగుచేసే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. పెళ్లయ్యాక తనకు కాస్త చెవుడొచ్చిందంటాడు గానీ, అది వచ్చిన చెవుడో తెచ్చిపెట్టుకున్న చెవుడో నాకిప్పటికీ అనుమానమే.

అలాంటి గొంతున్న మా వదినకు ఉద్యోగం దొరక్క దొరక్క పక్షుల చెరువు దగ్గర దొరికింది. ఆ చిత్తడి నేలలో ఎటు తిరిగినా 'నిశ్శబ్దం పాటించండి' అనే బోర్డులే. గేటు పక్కన టికెట్ల గది ఆమెది, దాన్నానుకుని ఉన్న టీ కొట్టు నాది. ఆమె చేరిన కొత్తలో, ఉద్యోగులు కూడా పక్షుల్ని చూడాలి కదా అని రేంజరు గారు ఆమెను సందర్శకులతో పాటు పడవ ఎక్కించారు. జమ్ము పొదల వెనక తెడ్డుమూతి కొంగల గుంపు కనబడింది. మా వదిన ఆనందం పట్టలేక "అదిగో, దాని మూతి చూడండీ!" అంది. అంతే, గుంపు గుంపంతా లేచిపోయింది. కెమెరాలు సర్దుకుంటున్న వాళ్లు ఆమెను కొరకొరా చూశారట.

రేంజరు గారు మంచివారే గానీ, ఆ రోజు మాత్రం మొహం కందగడ్డలా చేసుకున్నారు.

"అమ్మా, మీరింక గేటు దాటి లోపలికి రావద్దు. ఇంకొక్కసారి మీ గొంతుకి పక్షులు లేచాయంటే పట్నంలో ఆఫీసుకి మార్పించేస్తా. అక్కడ ఎగిరేవి కాయితాలే."

అప్పట్నుంచి మా వదిన పని, లోపలికెళ్లేవాళ్లకు టికెట్లు చింపి ఇవ్వడం, బయటికొచ్చేవాళ్లను ఏం చూశారని అడగడం. అడిగేటప్పుడు గొంతు తగ్గించడానికి ఆమె పడే అవస్థ చూస్తే నాకే జాలేసేది. పక్షులంటే ఆమెకు ప్రాణం. "ఒక్క పిట్టనైనా దగ్గర్నుంచి కళ్లారా చూడాలే అమ్మాయీ. పట్నం పంపించేస్తే ఆ ఆశ కూడా ఉండదు" అనేది నాతో. నేను ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడేదాన్ని గానీ, ఆ మాటకు మాత్రం ఆమె గ్లాసులో ఇంకాస్త టీ పోసేదాన్ని.

ఈ ఎండాకాలం ఆ పిట్టే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. పార్కింగులో, సరిగ్గా బండ్లు నిలిపే చోట, కంకర మధ్య ఒక తీతువు గుడ్లు పెట్టింది. పసుపు కాళ్లు, ఎర్ర ముక్కు, ఏదో కొంప మునిగినట్టు ఎప్పుడూ హడావిడిగా పరిగెత్తే పిట్ట. చెరువు చుట్టూ అంత చోటుండగా మహాతల్లికి ఇదే నచ్చింది. గూడూ లేదు, పాడూ లేదు. గుడ్లు కూడా కంకర రంగే, పక్కన నిలబడినా కనబడవు.

వేసవి సెలవులు కావడంతో బండ్లు బారులు తీరుతున్నాయి. రేంజరు గారు చుట్టూ తాడు కట్టించారు. పడవ దిగివచ్చిన జనం ఆ తాడు మీద తడి తువ్వాళ్లు ఆరేసుకున్నారు. ఇలా కాదని మా వదిన ఒక అట్టముక్క తెచ్చి తానే బోర్డు రాసింది. ఆమె రాత కూడా ఆమె గొంతు లాంటిదే. 'ఇచ్చట గుడ్లు కలవు' అనేసరికి అట్ట నిండిపోయింది. 'చూసి నడపండి' అన్నది కింద చీమల బారులా మిగిలింది.

ఇక చూడండి నా తిప్పలు. వచ్చిన ప్రతి బండీ అక్కడే ఆగడం, దిగిన ప్రతివాళ్లూ తిన్నగా నా కొట్టుకే రావడం.

"ఏమ్మా, నాటువా, ఫారంవా?"

"అవి అమ్మేవి కావండీ, పిట్టవి."

"ఏ పిట్టవైతేనేం, ఉడకబెట్టి ఇస్తావా?"

ఆ మాట వినేసరికి మా వదినకు పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తుకెళ్లి బోర్డు మీద 'అమ్మబడవు' అని ఇరికించి వచ్చింది. మర్నాడు ఒక పెద్దాయన దాన్ని ఆసాంతం చదివి, "అమ్మనప్పుడు ఊరించడం దేనికమ్మా?" అని నా మీద విసుక్కుని వెళ్లాడు. వదిన ఆ అట్టను నా పొయ్యిలో పడేసింది. తన బల్ల, కుర్చీ, గొడుగు ఈడ్చుకెళ్లి తాడు పక్కనే వేసుకుని, టికెట్లు అక్కడే ఇవ్వడం మొదలుపెట్టింది.

తీతువు ఊరుకుంటుందా? ఆమె నెత్తి మీద చక్కర్లు కొడుతూ అరిచి గోల చేసింది. వదిన మాత్రం ఊరుకునే రకమా?

"నీ గుడ్లు నేనేం చేసుకుంటానే తల్లీ? వెళ్లి కూర్చో!"

ఆ ఇద్దరిలో ఎవరి గొంతు పెద్దదో వింటూ నేను పాలు పొంగించేశాను. రోజులు గడిచేకొద్దీ పిట్ట అరుపు తగ్గింది, వదిన మాటలు మాత్రం తగ్గలేదు. చెరువు దూరమే కాబట్టి అక్కడ మామూలుగా మాట్లాడితే ప్రమాదం లేదు. టికెట్ల బేరాలు, అన్నయ్య మీద చాడీలు, నా టీ మీద వంకలు, అన్నీ దానికే చెప్పేది. మిట్టమధ్యాహ్నం ఎండకు అది వెళ్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చునేది. అది చూసినప్పుడల్లా వదిన కళ్లు చెమ్మగిల్లేవి. ఆమె మొహంలో అంత సంతోషం పెళ్లినాడు కూడా చూడలేదని మా అన్నయ్యకు చెప్పాను. వినపడనట్టే ఊరుకున్నాడు.

ఒక ఆదివారం ఆమె టీ కోసం నా దగ్గరికి వచ్చింది. గ్లాసు అందుకుని వెనక్కి తిరిగేసరికి ఒక పెద్ద బస్సు వెనక్కి వస్తోంది. చక్రం తాడును తొక్కేసింది. క్లీనరు అటువైపు నిలబడి బస్సును చేత్తో బాదుతూ "రానీ, రానీ" అంటున్నాడు. పరుగెత్తితే అందే దూరం కాదు. వదిన ఒక్కసారి చెరువు వైపు చూసింది. ఆ చూపులో పట్నం ఆఫీసు నాకూ కనబడింది.

"ఆపూ!"

నా కొట్టులో గ్లాసులు గలగలమన్నాయి. బస్సు ఠక్కున ఆగింది. చెరువంతా ఒక్కసారిగా పైకి లేచింది. కొంగలు, నీటికాకులు, బాతులు, గూడబాతులు, ఆకాశం కనబడకుండా కమ్మేశాయి. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుప్పకూలినట్టు నా బల్ల మీద కూర్చుంది. "అయిపోయిందే అమ్మాయీ" అంది.

రేంజరు గారు చెరువు గట్టు మీంచి రొప్పుతూ పరుగెత్తుకొచ్చారు. తిట్టడానికి నోరు తెరిచారు కూడా. అంతలో బస్సు చక్రం కేసి చూసి ఆగిపోయారు. చక్రానికి జానెడు దూరంలో తీతువు గుడ్ల మీద కూర్చునే ఉంది.

"ఇదేంటి? ఇది లేవలేదేం?"

"పొద్దస్తమానం ఆ గొంతే వింటోంది కదండీ, అలవాటైపోయింది" అన్నాను.

ఆయన వంగి ఆ పిట్టను, బస్సు చక్రాన్ని మార్చి మార్చి చూశారు. తర్వాత మా వదిన దగ్గరికొచ్చి మెల్లగా చెప్పారు.

"పిల్లలు బయటికొచ్చి నీళ్లదాకా చేరేవరకు మీరు దాని పక్కనుంచి కదలొద్దమ్మా. పట్నం సంగతి మర్చిపోండి."

"అలాగేనండీ!" అంది వదిన, మనస్ఫూర్తిగా.

అప్పుడే వాలుతున్న పక్షులన్నీ మళ్లీ లేచాయి. రేంజరు గారు నెత్తి పట్టుకున్నారు. తీతువు మాత్రం గుడ్ల మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.