బంతిని చూడొద్దన్న నాయుడు గారు

గత వారం సింగపూర్‌లోని పాయా లేబర్‌లో మధ్యాహ్నం భోజనానికి దిగినప్పుడు, ఫుడ్‌కోర్టులో పళ్ళరసాల కొట్టు పైన వేలాడదీసిన టీవీలోంచి ఒక సైరను మోగింది. ఫ్యాక్టరీ కూతకూ ఓడ కూతకూ మధ్యస్థంగా, సాగదీసినట్టుండే ఆ మోత విని చేతిలో ట్రేతో అక్కడే నిలబడిపోయాను. తెరమీద చేతుల్లేని బనియన్లు, పొట్టి లాగులు వేసుకున్న మనుషులు నడుముల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. నా వెంట వచ్చిన సహోద్యోగి "రగ్బీయా మేడమ్?" అని అడిగాడు. కాదు, ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ అని చెప్పాను. నంద్యాల మనిషికి ఈ గోల ఎలా తెలుసన్నట్టు నావైపు చూశాడు. అది చెప్పాలంటే అప్పలనాయుడు గారి గురించి చెప్పాలి. దానికి ఒక లంచ్ టైము చాలదు.

అప్పలనాయుడు గారు సింగపూర్‌లో నా మొదటి బాసు. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట. నాయుడు గారు పుట్టింది, పెరిగింది ఇక్కడే. శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదు. అయినా వాళ్ళ నాయనమ్మ నోట విన్న తెలుగు చెక్కుచెదరకుండా ఆయన నోట్లో ఉండేది. దానికి తమిళం, మలాయ్ మాటలు, చివర సింగపూర్ వాళ్ళ ఊతపదం 'లా' ఒకటి తగిలించేవారు. ఉద్యోగంలో చేరిన రోజు నా దగ్గరికొచ్చి, "మకాన్ అయిందేటమ్మా?" అన్నారు. ఇక్కడ భోజనాన్ని మకాన్ అంటారని తెలియక, పెళ్ళయిందా అని అడుగుతున్నారనుకుని "ఇంకా లేదు సార్, సంబంధాలు చూస్తా ఉండారు" అన్నాను. ఆయన నవ్వలేదు. "అయితే ముందు తినీసి రా" అన్నారు. చదువుకోవడానికి పెర్త్ వెళ్ళినప్పుడు ఆయనకు ఈ ఆట పిచ్చి పట్టిందట. పెళ్ళికి ముందే అంటిన జబ్బు గనక తన పూచీ లేదని వాళ్ళావిడ లక్ష్మి ఆంటీ అనేవారు.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచి, కంప్యూటరు పని తెలిసినవాళ్ళను కంపెనీలు కళ్ళకద్దుకుంటున్న రోజులవి. పాయా లేబర్‌లో ఒక పాత భవనం పై అంతస్తులో మా ఆఫీసు. కింద బిస్కెట్లు డబ్బాల్లోకి సర్దే వాళ్ళుండేవారు, ఆ వాసనకు పొద్దున పది గంటలకే ఆకలేసేది. ఓడల్లో వచ్చే సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మేము తయారు చేసేవాళ్ళం. అందులో తప్పులు పట్టుకోవడం నా పని. నాకు పుట్టుకతో వచ్చిన ఆరా బుద్ధి ఒకటుంది. ప్రోగ్రాము రాసేవాళ్ళు ఇంకా రాయకముందే పక్కన చేరి, ఇట్లయితే ఏమవుతుంది, అట్లయితే ఏమవుతుంది అని వాళ్ళ ప్రాణం తీసేదాన్ని. అలా చాలా తప్పులు పుట్టకముందే పోయేవి. ఇంతలో పైవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఎవరు ఎన్ని తప్పులు పట్టుకున్నారో ప్రతి శుక్రవారం గోడమీద బోర్డుకెక్కించేవారు. నా పేరు అడుగున కూర్చుని, ఇక లేవనంది.

బోర్డులో అడుగున ఉన్నవాళ్ళ కాంట్రాక్టు ఆ ఏడాది చివర పొడిగించేది లేదని తేల్చి చెప్పారు, నాయుడు గారు అడ్డుపడి కాదంటే తప్ప. కాంట్రాక్టు పోతే దేశంలో ఉండే అనుమతి కూడా పోతుంది. నాకు సింగపూర్ కావాలి. ఆంగ్ మో కియోలో నేను అద్దెకున్న గది మంచం, బల్ల పట్టేంతే, కానీ దాని తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉండేది. అంతకు ముందు నా జీవితంలో తాళం వేసుకునే గది లేదు. 

ఒంటరిగా ఉంటున్నానని లక్ష్మి ఆంటీ ప్రతి శనివారం బెడోక్‌లో వాళ్ళ ఫ్లాటుకి భోజనానికి పిలిచేవారు. తిన్నాక కేబుల్ టీవీలో ఆట. పక్క బ్లాకు నుంచి టాన్ అంకుల్ వచ్చేవారు. ఆయన నాయుడు గారితో పెర్త్‌లో చదివిన చైనీయుడు. ఇద్దరూ పెర్త్ నగరపు జట్టు అభిమానులే. కోలగా ఉండే పెద్ద మైదానం, కోలగా ఉండే బంతి. ఆ కొసనా ఈ కొసనా నాలుగేసి నిలువు స్తంభాలు. నడిమి సందులోంచి బంతిని తంతే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒకటి. "గురి తప్పితే కూడా మార్కులేంది సార్?" అని అడిగాను. "దగ్గిరికెల్లాడు గదేటి" అన్నారు నాయుడు గారు, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. ఆ జవాబు నాకు భలే నచ్చింది.

ఆ జట్టులో స్తంభాల దగ్గర కాచుకుని గోల్స్ కొట్టాల్సిన ఫార్వర్డ్ ఒకడున్నాడు. తాటిచెట్టంత మనిషి. నాయుడు గారు వాడి పేరు పలికేవారు కాదు, పొడుగోడు అనేవారు. పొడుగోడు గోల్స్ కొట్టడు. వాడిని జట్టులో ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ ఇంట్లో ఎడతెగని గొడవ.

"ముందర నిలబడ్డోడు గోలు కొట్టాల. కొట్టనోడికి ముందరేటి పని? ఎనక్కెల్లి నిలబడమను" అనేవారు నాయుడు గారు.

టాన్ అంకుల్ తాపీగా టీ తాగుతూ, వాడెటు వెళితే అటు ఎదుటి జట్టువాళ్ళు ఇద్దరు వెళుతున్నారని, అందుకే మిగతా పొట్టివాళ్ళకు ఖాళీ దొరుకుతోందని చెప్పేవారు.

"ఇద్దరిని ఈడ్చుకొని పోతా ఉండాడు కదా సార్, అది పని కాదా?" అని నేనూ దూరేదాన్ని.

"బోర్డు మీద ఏటి కనిపిస్తాది? గోలు కనిపిస్తాది" అన్నారాయన. స్కోరు బోర్డు గురించే అన్నారు. నాకు మాత్రం ఆఫీసు గోడ మీది బోర్డే కనిపించింది.

ఆ రోజు నుంచి పొడుగోడు నాకు పరాయివాడు కాడు. వాడిని తీసేయాలని నాయుడు గారు అన్నప్పుడల్లా నన్నే తీసేస్తున్నట్టుండేది. శనివారానికి వాదనలు వారమంతా రైల్లో కూర్చుని సిద్ధం చేసుకునేదాన్ని. పెర్త్ అభిమానులు ఇంటర్నెట్‌లో తిట్టుకునే చర్చలు కూడా వెతికి చదివాను. ఒకడు పొడుగోణ్ణి గుంజ అన్నాడు, ఇంకొకడు జట్టుకు వెన్నెముక అన్నాడు. వెన్నెముక అన్నవాడి మాటలన్నీ బట్టీపట్టి వెళ్ళి నాయుడు గారి ముందు అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఇదంతా ఎవడో సూసింది. నువ్వేటి సూసినావు?" అని అడిగారు.

అప్పుడాయన నాకొక పని పెట్టారు. ఆట నాలుగు భాగాలుగా జరుగుతుంది, ప్రతి భాగం చివరా సైరను మోగుతుంది. "ఈ సైరను నించి ఆ సైరను దాకా బంతి సూడకు. పొడుగోడ్నే సూడు."

"కెమెరా బంతి వెనకాలే పోతాది కదా సార్. వాడు కనపడకుండా పోతే?"

"ఎటునించి పోనాడో గుర్తెట్టుకో. మల్లీ ఎటునించి ఒస్తాడో సూడు. మధ్యలో ఏటి సేసుంటాడో నీకే తెలుస్తాది లా."

బంతిని చూడకుండా ఆట చూడటం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మెడ పట్టుకుని ఎవరో అటు తిప్పుతున్నట్టుంటుంది. కాసేపటికి అలవాటై, నాకు వేరే ఆట కనిపించడం మొదలైంది. పొడుగోడు బంతి రాకముందే పరిగెత్తుతున్నాడు. ఇద్దరు వాడి భుజాలకు వేలాడుతూ వెంట పోతున్నారు. వాడు వదిలిన ఖాళీలోకి ఒక పొట్టివాడు జారుకుని, చేతికి అందిన బంతిని గోలు కొట్టాడు. పొడుగోడిని ఎవరూ మెచ్చుకోలేదు, వాడు ఎదురుచూసినట్టూ లేదు. నాకు ఒళ్ళు పులకరించింది. అయితే ఇంకొకటి కూడా చూశాను. బంతి అవతలి కొసకు వెళ్ళినప్పుడు తెర నుంచి ఎక్కడ మాయమయ్యాడో, బంతి తిరిగి వచ్చేసరికి సరిగ్గా అక్కడే కనిపించేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఉరికి ఉరికి వస్తుంటే వీడి మొహాన చెమట కూడా ఆరిపోయి ఉండేది. బంతి అటు వెళితే ఇక తనకు సంబంధం లేదనుకుంటున్నాడన్నమాట.

సైరను మోగింది. "సెప్పు" అన్నారు నాయుడు గారు.

చూసినదాంట్లో మొదటి సగం చెప్పి ఊరుకుంటే వాదన గెలుస్తాను. రెండో సగం చెబితే నా కాళ్ళు నేనే నరుక్కున్నట్టు. అయినా చూసింది కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు, పైగా అది ఎందుకలా అన్న కుతూహలం నా భయం కంటే పెద్దదైపోయింది. రెండూ చెప్పాను. టాన్ అంకుల్ నావైపు నమ్మకద్రోహం జరిగినట్టు చూశారు. నాయుడు గారు మాత్రం, "ఆ పొట్టోడికి కాళీ ఎలగొచ్చిందో నాను సూల్లేదమ్మా, ఇన్నాళ్ళూ బంతే సూసినాను" అన్నారు. అంత పెద్దమనిషి అంత తేలిగ్గా ఆ మాట అనడం నేనెన్నడూ వినలేదు.

ఆ తర్వాతి వారంలో ఒక పొద్దున ఆయన తన ఆఫీసు కుర్చీ దొర్లించుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఏం సార్ అంటే, "నీ పని నువ్వు సేసుకో" అన్నారు. సాయంత్రం దాకా కదల్లేదు. నేను సెల్వం అనే ప్రోగ్రామరు పక్కన చేరి ప్రశ్నలతో విసిగించడం, అతను తల పట్టుకుని, రాసింది చెరిపి మళ్ళీ మొదలుపెట్టడం చూశారు. మా సాఫ్ట్‌వేర్ వాడే నౌకా కంపెనీ నుంచి ఫోను వస్తే దాన్ని నేను మాట్లాడకుండా పక్క సీటుకు అందించడం కూడా చూశారు. నా ఇంగ్లీషు విని నవ్వుతారని నాకు భయం. ఆ రోజు ఆయన నా కంప్యూటరు వైపు పెద్దగా చూడలేదు, నావైపే చూశారు. నేను మంచినీళ్ళు తాగడానికి కూడా మొహమాటపడ్డాను. చివరికి లేచి, కుర్చీ దొర్లించుకుంటూ తన గదికి వెళ్ళిపోయారు.

డిసెంబరులో గదిలోకి పిలిచారు. "నీకు ఎక్స్‌టెన్షన్ ఒచ్చీసింది" అన్నారు.  సెల్వం రాసిన భాగాల్లో తప్పులు ఎందుకు తగ్గాయో పైవాళ్ళకు వివరించి, బోర్డు పద్ధతి నాకు వర్తించదని చెప్పారట. "ఫోనొస్తే ఇంకోడికి ఇచ్చీడం మానీ. నీ పని నీ చేతిలోంచి ఎల్లాక కూడా నీదే. నువ్వు ఫోనెత్తవన్న సంగతీ సెప్పీసినాను ఆల్లకి" అన్నారు.

ఆనందంలో నాకు నోరు ఆగలేదు. "అయితే సార్, పొడుగోడు గెలిచినట్టే కదా" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "ఆడికీ నీకూ ఏటి సమ్మంధం? ఆడు గోలు కొట్టాల. నా మాట మార్లేదు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కొనసాగించారు.

"ఆడు మంచోడైతే నువ్వు మంచిదానివైపోతావా? ఆడు పనికిరానోడైతే నిన్ను పంపించీమంటావా? నువ్వు ఆడి కోసం కాదు, నీ కోసం వాదిస్తన్నావని నాకు తెల్సు. నాను నిన్ను సూసినాను. నిన్ను సూసీ సెప్పినాను. ఆడ్ని సూసి కాదు."

"తెలిసి కూడా ముందే ఎందుకు చెప్పలేదు సార్? ఎంత భయపడినానో తెలుసా?"

"సెప్తే శనివారాలు వాదించడం మానీదువు గదేటి" అన్నారు, కళ్ళజోడు పెట్టుకుంటూ. కోపం వచ్చింది. నవ్వొచ్చింది. చివరికి ఏడ్చేశాను. ఆయన బయటికి వెళ్ళి, నా కోసం టీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు.

నాయుడు గారు పోయి కొన్నేళ్ళయింది. అంత్యక్రియల దగ్గర టాన్ అంకుల్ నా చెయ్యి పట్టుకుని, చివరి దాకా పొడుగోడి విషయంలో ఒప్పుకోలేదమ్మా అని కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆ ఆట నియమాలు కొన్ని ఇప్పటికీ అర్థం కావు. పొడుగోడి విలువ ఎంతన్నదీ తేలలేదు.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళున్నారు. పోయినేడు వరంగల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి నెలనెలా లెక్కగట్టే పని అంకెల్లో బాగా వెనకబడింది. ఆమెను ఉంచాలా వద్దా అని చర్చకు వచ్చినప్పుడు నా తోటి మేనేజరు, "అచ్చం ఒకప్పటి మీలాగే ఉంది, మీరే చెప్పండి" అన్నాడు. ఆ మాటకే నా మనసు కరిగి, ఉంచేయమని చెప్పబోయాను. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, మర్నాడు పొద్దున కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను. ఆ అమ్మాయి ఎవరినీ ప్రశ్నలతో విసిగించదు. ఫోను వస్తే గలగలా మాట్లాడుతుంది. అవతలివాడు చెప్పలేక నసుగుతున్న ఇబ్బందిని ఓపిగ్గా బయటికి లాగుతుంది. సాయంత్రం దాకా వెతికాను, ఆమెలో నేనెక్కడా లేను. ఆ అమ్మాయే ఉంది. ఉంచమని చెప్పాను.